వినే రాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరైనా అబద్ధం ఆడితే వీపు విమానం మోత మోగేది. శంషాబాద్‌లో ఇప్పుడు ఈ మాట అంటే పిల్లలు నవ్వుతారు గానీ, అప్పట్లో మాకు విమానమంటే జొన్నచేలో నిలబడి మెడ వెనక్కి వంచి చూసే చుక్క మాత్రమే. ఆ దెబ్బలు కూడా పిల్లలకే. పెద్దవాళ్లు ఆడితే దాన్ని అబద్ధం అనరు, మంచికి చెప్పిన మాట అంటారు. ఈ తేడా నాకు ఎనిమిదేళ్ల వయసులో తెలిసింది. తెలియజెప్పినవాడు మా చిన్నాయన. ఇంట్లో అందరికంటే ఎక్కువగా నేను ఆయన్నే నమ్మేదాన్ని. అందుకేనేమో, ఇంత ముసలితనం వచ్చినా ఆ మంట చల్లారలేదు.

చిన్నాయన మా బాపుకు తమ్ముడు. కొన్నేళ్లు మిలిటరీలో వైర్‌లెస్ పని చేసి వచ్చి, బెంగళూరు రోడ్డు పక్కన బస్సులు ఆగే చోట రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టాడు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు తమ రేడియోలను పసిపిల్లల్లా తువ్వాలలో చుట్టి తెచ్చేవారు. వెనక రేకు విప్పితే ఒక్కోసారి దుమ్ముతో పాటు బల్లి గుడ్లు కూడా రాలేవి. బడి వదలగానే నేను అక్కడికే పరుగు. కోడి ఈకతో రేడియో లోపలి దుమ్ము దులపడం నా పని. చిన్నాయన నన్ను ఇంజనీరమ్మా అని పిలిచేవాడు. ఆ పిలుపు కోసం ఆయన ఏం చెప్పినా చేసేదాన్ని, అంత పిచ్చి నాకు.

మిగతా ఇళ్లలో పెద్దవాళ్లు రాముడి కథో భీముడి కథో చెప్పేవారు. మా చిన్నాయన రేడియో కథలు చెప్పేవాడు. తీగ లేకుండా మాట గాలిలో పోతుందంటే మొదట్లో జనం ఎలా నమ్మలేదో, నమ్మినవాళ్లు ఎలా రాత్రింబవళ్లు కుస్తీ పట్టారో చెప్పేవాడు. వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది రాయి కథ. మొట్టమొదటి రేడియోలకు సెల్లు లేదు, కరెంటు లేదు. మెరిసే రాయి ముక్క ఒకటి, దాన్ని పొడవడానికి పిల్లి మీసమంత సన్న తీగ ఒకటి. ఆ రాయి మీద ఏ మూలనో వినే చోటు ఉంటుంది. అక్కడ తీగ తగిలితే చెవిలో పాట వస్తుంది, జరిగితే పోతుంది. రాయి చుట్టూ ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి కూర్చునేవారట. ఈ కథ నిజమేనని తర్వాత పెద్ద పుస్తకాలలో కూడా చదివాను. చిన్నాయన చెప్పిన అబద్ధం గట్టిగా నిలబడింది ఈ నిజం మీదనే.

ఆ ఏడు మా అమ్మకు దగ్గు పట్టుకుంది. మొదట అల్లం, మిరియాలు అన్నారు. ఆ తర్వాత నాయనమ్మ అమ్మకు పళ్లెం వేరు చేసింది, గ్లాసు వేరు చేసింది, చాప తీసుకెళ్లి ముందు గదిలో వేసింది. అది క్షయ అని నాకు ఎవరూ చెప్పలేదు. గడప దాటి లోపలికి పోవద్దని మాత్రం చెప్పారు. అందుకని నేను గడప మీదే కూర్చునేదాన్ని. అమ్మ లోపల, నేను గడప మీద. బడిలో ఏం జరిగిందో, దుకాణానికి ఎవరు వచ్చారో అన్నీ అక్కడి నుంచే చెప్పేదాన్ని. అమ్మ వినేది. దగ్గు వచ్చినప్పుడు గోడ వైపు తిరిగేది, తగ్గాక మళ్లీ నా వైపు తిరిగి ఊఁ అనేది.

అమ్మకు పాటలంటే ప్రాణం. ఊళ్లో అందరి రేడియోలూ బాగుచేసే మనిషి ఇంట్లో ఉన్నా మాకంటూ ఒక రేడియో లేదు. పగలంతా చాప మీద ఒంటరిగా పడి ఉండే అమ్మకు ఒక రేడియో చేసిపెట్టాలని నాకు పుట్టింది. సెల్లు అడగని రాతి రేడియో అయితే బాపు కూడా కాదనడు. చిన్నాయన సరే అన్నాడు. అమ్మకు చెబితే ఆమె ముఖం వెలిగింది.

“అది మాట్లాడుడు షురూ చేస్తే ముందుగాల నాకే ఇనిపియ్యాలె బిడ్డా. మీ నాయనమ్మకు గాదు,” అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

బావి మోటారు కాలిపోతే అందులోంచి తీసిన రాగి తీగ ఎవరో దుకాణంలో పడేసి పోయారు. దాన్ని వెదురు బొంగు చుట్టూ పక్కపక్కనే వరుసగా చుట్టాలి, ఒక చుట్టు మీద ఇంకొకటి ఎక్కకూడదు. ఆ పని నేను గడప మీద కూర్చుని చేశాను. నా వేళ్లు వదులైతే అమ్మ లోపలి నుంచే కనిపెట్టేది. వదులైతున్నది, బిగియ్యి, అనేది. చిన్నాయన బట్టలారేసే తీగలాంటిదే ఒకటి ఇంటి కప్పు నుంచి వేపచెట్టు దాకా కట్టాడు. భూమిలోకి పోయే తీగకు ఎప్పుడూ తడి ఉండే చోటు కావాలి. రాళ్ల నేల మాది, తడి ఎక్కడిది? చివరికి బర్రెల కొట్టంలో, అవి మూత్రం పోసే మూలన, ఇనుప కడ్డీ దిగ్గొట్టాడు. మిలిటరీ నుంచి తెచ్చుకున్న చెవి గొట్టాలు, ఇప్పుడు హెడ్‌ఫోన్లు అంటారే అవి, పెట్టెలోంచి తీసి దులిపాడు. అన్నీ అయ్యాయి. రాయి ఒక్కటే మిగిలింది.

రాయి ఎప్పుడు తెస్తావని నేను రోజూ ఆయన ప్రాణం తీసేదాన్ని. రేపు, ఎల్లుండి, దుకాణం ఖాళీ లేదు అనేవాడు. ఒకరోజు పొద్దున్నే ఆయనే సైకిల్ తుడిచి వాకిట్లో నిలబెట్టి పిలిచాడు. కొత్వాల్‌గూడ పక్కన, హిమాయత్ సాగర్ ఒడ్డున ఉన్న గుట్టల్లో వినే రాయి ఉంటుందట. ఈ రోజు బడి వద్దు, పోదాం పా, అన్నాడు. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు.

బయలుదేరే ముందు గడప దగ్గరికి పోయాను. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నాయనమ్మ ఆమె తలకు నూనె రాసి జడ వేస్తోంది. అన్ని రోజులుగా అమ్మ తల నాయనమ్మ ముట్టుకోలేదు. పెట్టెలో దాచుకునే పచ్చ చీర అమ్మ ఒంటి మీద ఉంది. అమ్మకు నయమైందని నేను అనుకున్నాను. అంతకు మించి ఆలోచించే వయసు కాదు.

“రాయి తేనీకి పోతున్న అమ్మా,” అన్నాను.

అమ్మ నన్ను ఒక క్షణం అలాగే చూసింది. “జల్ది రా బిడ్డా,” అంది.

చిన్నాయన వాకిట్లో సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఈ మాట ఆయనకూ వినిపించింది.

ఆ రోజు సంగతి ఏం చెప్పను. నా బతుకులో అంత సంతోషమైన రోజు మళ్లీ రాలేదు. సైకిల్ ముందు కడ్డీ మీద తువ్వాల మడిచి నన్ను కూర్చోబెట్టాడు. దారిలో జామకాయలు కొన్నాడు. సాగర్ నీళ్ల మీద నుంచి చల్లగాలి వచ్చేది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుండ్ల సందుల్లోకి నేను మేకపిల్లలా దూరి మెరిసే రాళ్లు ఏరుకొచ్చేదాన్ని. ఆయన ఒక బండ మీద దుకాణం పరిచినట్టు కూర్చుని, ఒక్కో రాయికి తీగ తగిలించి, చెవి గొట్టం పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఊహూఁ అని తల ఊపేవాడు. ఇది చెవిటిది, అనేవాడు. ఇంకోటి తెస్తే, దీనికి కన్నడం వస్తది, మనకు పనికిరాదు, అనేవాడు. నేను పడిపడి నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు నటన కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నాకు అర్థం కానిది కూడా అదే.

జొన్నరొట్టె, ఎర్రకారం తిన్నాక అరచేతిలో పట్టే నల్లటి రాయి ఒకటి నాకు దొరికింది. దాని ఒక పక్క అభ్రకం పొరలు ఎండకు తళతళలాడుతున్నాయి. చిన్నాయన దాన్ని చెవికి చేర్చి చాలాసేపు విన్నట్టు కూర్చుని, గిదే, అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ఇక పోదాం, అమ్మ జల్దీ రమ్మంది, అన్నాను. ఆయన లేవలేదు. పొద్దు ఎటుందో చూశాడు. ఇంకా మంచిది దొరుకుతదేమో, ఆ అవతలి గుట్ట గూడ చూద్దాం, అన్నాడు. నేను ఊరుకోలేదు, మళ్లీ అమ్మ మాట ఎత్తాను.

“అమ్మ యాడికి పోతదే? ఇంట్లనే ఉంటది,” అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపే చూస్తున్నాడు. అందుకే నమ్మాను.

పొద్దు వాలుతుండగా ఇంటికి చేరాం. సైకిల్ ఆగకముందే దూకి, రాయిని పట్టుకుని గడప దగ్గరికి పరుగెత్తాను. గది ఖాళీగా ఉంది. నేల అప్పుడే కడిగినట్టు తడిగా ఉంది. చాప లేదు, పళ్లెం లేదు, గ్లాసు లేదు. మూలన సాంబ్రాణి పొగ. ఆ గడప దాటవద్దని ఇన్నాళ్లూ నన్ను అదిలించిన నాయనమ్మ నేను లోపలికి పోయి నిలబడినా ఏమీ అనలేదు. అది చూశాకే అమ్మ ఇంట్లో లేదని నాకు తెలిసిపోయింది.

“దవాఖానకు తోలుకపోయిండు మీ బాపు. నయమైనంక వస్తది. ఏడ్వకు. పోయినోళ్ల ఎనక ఏడుస్తే మంచిది కాదు,” అంది నాయనమ్మ.

అసలు సంగతి ఇది. అమ్మను పట్నంలోని దవాఖానకు తీసుకుపోవడం ముందే ఖాయమైంది. అక్కడ చాలా నెలలు ఉండాలి, పిల్లల్ని లోపలికి రానివ్వరు. రోగంతో గడప దాటే మనిషికి ఏడుపు ఎదురైతే ఆ మనిషి తిరిగి రాదని మా నాయనమ్మ నమ్మకం. నేను చూస్తే ఏడుస్తాను, కాళ్లకు చుట్టుకుంటాను. కాబట్టి నన్ను తప్పించాలి. ఎవరు పిలిస్తే నేను ఎగురుకుంటూ పోతానో అందరికీ తెలుసు. నేను వాకిట్లోకి వచ్చేసరికి చిన్నాయన సైకిల్ చక్రానికి అంటిన మట్టి కడుగుతున్నాడు. నేను వెనకే నిలబడ్డాను. ఆయన తల ఎత్తలేదు. శుభ్రంగా ఉన్న చక్రాన్నే మళ్లీ మళ్లీ కడిగాడు. నేను ఏడవలేదు. అమ్మ తిరిగి రాదేమోనన్న భయంతో ఏడుపు మింగాను. ఎనిమిదేళ్ల పిల్లకు ఇంత పని పెట్టారు మా పెద్దలు, పైగా నా మంచికేనన్నారు.

అయినా, మీరు నమ్మరు, నాకు రాయి మీద నమ్మకం పోలేదు. రాయి మంచిదే, రేడియో పలుకుతుంది, అమ్మ వచ్చేసరికి సిద్ధంగా ఉంచుతాను అనుకున్నాను. రాయిని గుడ్డలో చుట్టి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. కొన్నాళ్లకు ఒక ఆదివారం చిన్నాయన నన్ను కొట్టంలోకి పిలిచాడు. కొయ్య పలక మీద నేను చుట్టిన తీగ ఉంది, చెవి గొట్టాలు ఉన్నాయి. మధ్యలో బాపు గడ్డం గీసుకుని పారేసిన తుప్పు బ్లేడు, దాని మీద ఆనించి పిన్నీసుకు కట్టిన పెన్సిల్ ముల్లు ఉన్నాయి. యుద్ధంలో గుంతల్లో దాక్కున్న సైనికులు రాయి దొరకక ఇలాగే చేసుకునేవారట. తుప్పు బ్లేడు, పెన్సిల్ ముల్లు ఉంటే చాలు, రేడియో పలుకుతుంది. మిలిటరీలో ఉండగా ఆయన కూడా చేసి చూశాడట. ఉత్సాహంగా చెబుతూ చెబుతూ పెన్సిల్‌ను అటూ ఇటూ జరిపాడు. చెవి గొట్టంలో ఈగ ముసిరినట్టు సన్నగా పాట మొదలైంది. అది ఆయన చేతిలో ఉండగానే నాకు వినిపించింది.

నా చేతిలో గుడ్డలో చుట్టిన రాయి ఉంది. “మరి రాయి?” అన్నాను.

ఆయన చేయి ఆగిపోయింది. “రాయి లేకున్నా నడుస్తది,” అన్నాడు మెల్లగా.

“నీకు ముందుగాలనే ఎర్కనా?”

ఆయన బ్లేడు వైపే చూస్తూ పెన్సిల్ సర్దాడు. నాకు అప్పుడు మొత్తం అర్థమైంది. గుట్టలు, జామకాయలు, చెవిటి రాయి, కన్నడం రాయి, గిదే అని ఆయన కళ్లు మూసుకోవడం, అన్నీ. అమ్మను చూడనివ్వకపోవడం ఒక ఎత్తు. నన్ను నవ్వించి, నా చేతనే రాళ్లు ఏరించి, నేను ప్రాణంగా చూసుకున్న రేడియోనే ఎర వేయడం మరొక ఎత్తు. మరెవరైనా చేసి ఉంటే మరిచిపోయేదాన్నేమో. నన్ను ఇంజనీరమ్మా అని పిలిచినవాడు చేశాడు.

ఆయన చెవి గొట్టం నా వైపు చాపాడు. “ఇను బిడ్డా. అమ్మ ఉన్న వార్డుల గూడ రేడియో ఉన్నది. ఆదివారం పిల్లల కార్యక్రమం వస్తది గద, గది అమ్మ ఇంటది, ఈడ నువ్వు ఇను. అమ్మకు చెప్పి వచ్చిన,” అన్నాడు.

“అమ్మ యాడికి పోతది, ఇంట్లనే ఉంటదన్నవ్ గద,” అని నేను కొట్టంలోంచి బయటికి వచ్చేశాను.

ఆ రోజు నుంచి ఆ రేడియోకు చెవి పెట్టలేదు. ఊళ్లో పిల్లలు వరుస కట్టి విన్నారు. సెల్లు లేకుండా పాడుతోందని దూరం నుంచి కూడా వచ్చి చూశారు. నాయనమ్మ అయితే బర్రెల మధ్య పీట వేసుకుని, చెవి గొట్టాలు తగిలించుకుని భక్తి పాటలకు తల ఊపేది. ఆదివారం పిల్లల కార్యక్రమం వేళకు చిన్నాయన నన్ను కేకేసేవాడు. నాకు వినబడనంత దూరం, మా ద్రాక్షతోట అవతలికి పోయి కూర్చునేదాన్ని. వార్డులో రేడియో, అమ్మ వినడం, అదంతా ఇంకొక రాయి కథే అనుకున్నాను. ఒకసారి మోసపోయిన పిల్ల రెండోసారి మోసపోకూడదని అనుకుంది. అందులో తప్పేముంది?

దుకాణానికి పోవడం కూడా మానేశాను. అక్కడికి రమ్మని చిన్నాయన అడగలేదు. ఇంట్లో ఎదురుపడితే ఆయనే పక్కకు తప్పుకునేవాడు.

జొన్న కోతలప్పుడు అమ్మ తిరిగి వచ్చింది. చెంపలు కాస్త నిండాయి, దగ్గు లేదు. ఆ పచ్చ చీరలోనే వచ్చింది. నన్ను ఒళ్లోకి లాక్కుని, అన్నాళ్లూ గడపకు అటూ ఇటూ కూర్చున్న కరువంతా తీరేలా హత్తుకుంది. నేను ఏడుస్తుంటే నాయనమ్మ కూడా అడ్డుచెప్పలేదు. కాసేపయ్యాక అమ్మ నా జుట్టు సర్దుతూ అడిగింది.

“ఆదివారం పిల్లల కార్యక్రమం మంచిగ ఇన్నవా?”

నేను బిగుసుకుపోయాను. అమ్మ గమనించలేదు. సంబరంగా చెప్పుకుపోయింది. వార్డు మధ్యలో గోడకు రేడియో ఉండేదట. ఆదివారం వేళకు నర్సమ్మను బతిమాలి గట్టిగా పెట్టించుకునేదట. లేవలేని రోజుల్లో కూడా ఆ వేళకు దిండు ఎత్తుగా పెట్టుకుని కూర్చునేదట. పిల్లలు పాట పాడితే, ఈ పాట నా బిడ్డ ఇప్పుడు ఇంటున్నది అనుకునేదట. పొడుపు కథ వేస్తే, దీనికి నా బిడ్డ ఏం చెబుతుందో అని తనలో తాను జవాబు వెతికేదట. పక్క మంచాల వాళ్లు కూడా, నీ బిడ్డతో ముచ్చట అయిందా అని అడిగేవారట.

“మీ చిన్నాయన చెప్పిండు, నువ్వు ఒక్క ఆదివారం గూడ తప్పకుండ ఇంటున్నవని. గా ఒక్క మాట మీదనే దినాలు ఎల్లదీసిన,” అంది.

చిన్నాయన నాకు రెండోసారి చెప్పింది నిజం. వార్డులో రేడియో ఉంది, అమ్మ వింటోంది. మొదటి అబద్ధం వల్ల ఆ నిజం నా దాకా రాలేదు. నేను వినడం లేదని తెలిసి కూడా అమ్మకు మరో అబద్ధం చెప్పాడు. అలా అన్ని నెలలూ అమ్మ ఒక గోడ వైపు చూస్తూ నాతో మాట్లాడుకుంది, నేను ద్రాక్షతోట అవతల కూర్చున్నాను. ఎవరికీ చెడు చేయాలని ఎవరూ అనుకోలేదు. ఆ మాటే నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

నేను వినలేదని అమ్మకు చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. రాయి సంగతి, అమ్మ యాడికి పోతదే అన్న మాట సంగతి, అన్నీ. అమ్మ నవ్వు ఆగిపోయింది. ఆమె చెప్పింది విని నేను కూడా నివ్వెరపోయాను. ఆ రోజు ఆమె నా కోసం బస్సు దగ్గర ఎదురుచూసింది. ఒక బస్సు వదిలేసింది కూడా. బిడ్డకు అంతా చెప్పినం, చూస్తే ఏడుపొస్తదని అదే రానన్నది, అని నాయనమ్మ చెప్పిందట. బస్సు కదిలాక కూడా కొత్వాల్‌గూడ దారి వైపే చూస్తూ పోయిందట అమ్మ.

అమ్మ లేచి కొట్టంలోకి నడిచింది. చిన్నాయన బర్రెలకు గడ్డి వేస్తున్నాడు. గోడకు ఆ రేడియో వేలాడుతోంది.

“మా అమ్మనే చెప్పింది వదినా. ఏడుపు ఎదురొస్తే మంచిది కాదన్నది. నీ మంచికే...” అన్నాడు ఆయన, అడగకముందే.

“నేను ఏడుద్దామనే కూసున్న,” అంది అమ్మ. “మళ్ల వస్తనో రానో, నా బిడ్డను పట్టుకొని ఒక్కసారి ఏడ్చి పోదామనుకున్న. గదొక్కటే అనుకున్న. గది గూడ నువ్వు సైకిల్ మీద పెట్టుకొని తీసుకపోయినవ్.”

అమ్మ గొంతు పెంచలేదు. చిన్నాయన చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఈ సంగతి ఎత్తలేదు.

అమ్మ ఆ తర్వాత చాలా కాలం బతికింది, మనవల్ని ఎత్తుకుంది. నేను పెద్దయ్యాక కాటేదాన్‌లో చిన్న ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులకు టంకం వేసే పనిలో చేరి, అక్కడే తల నెరిసేదాకా చేశాను. ఆ పని మీద ఇష్టం చిన్నాయన పెట్టిన భిక్షే. దాన్ని నేను కాదనను. అన్నం పెట్టిన విద్యకు దారి చూపినవాడూ ఆయనే, నా నమ్మకం మీద దెబ్బ కొట్టినవాడూ ఆయనే. ఆయన మంచం పట్టినప్పుడు చూడటానికి పోయాను. నన్ను గుర్తుపట్టి, “గా గుట్టల మీద నువ్వెంత నవ్వినవే ఇంజనీరమ్మా,” అన్నాడు. ఆయన కూడా ఆ రోజును అంత భద్రంగా దాచుకున్నాడు. “గా నవ్వే నాకు బాధ చిన్నాయనా,” అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. క్షమించానని ఒక్క మాట అంటే ఆయన ప్రాణం తేలికపడేది. ఆ మాట నిజం కాదు కాబట్టి అనలేదు. నీళ్లు తాగించి, కాసేపు కాళ్లు ఒత్తి వచ్చాను.

ఆ గుట్టల్లో ఎన్నో ఇప్పుడు లేవు. పగలగొట్టి రోడ్లు వేశారు, కాంపౌండ్ గోడలు కట్టారు. మా ద్రాక్షతోట మీదుగా ఎయిర్‌పోర్ట్‌కు పోయే కార్లు తిరుగుతాయి. నా రాయి మాత్రం నా దగ్గరే ఉంది. వంటింటి కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడతాను. మా మనవరాలికి ఈ పిచ్చి నా నుంచే వచ్చింది కాబోలు, ఎప్పుడూ తీగలు, బోర్డులు ముందేసుకుని కూర్చుంటుంది. డాబా మీద యాంటెన్నా పెట్టి, మా నెత్తి మీద పోయే విమానం ఎక్కడి నుంచి వస్తోందో చెప్పే పెట్టె ఒకటి తయారుచేసింది.

మొన్న మా కోడలికి ఆపరేషన్ అని తెలిసినప్పుడు మా అబ్బాయి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. అమ్మా, నువ్వు దాన్ని విమానాలు చూపిస్తానని ఎయిర్‌పోర్ట్ వైపు తీసుకుపో, ఈలోగా మేము బయలుదేరతాం, లేకపోతే ఏడుస్తుంది, అన్నాడు. నేను వాడి మీద అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు తొంగిచూశారు. పిల్లను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏడ్చింది. వాళ్ల అమ్మ చున్నీ పట్టుకుని కారు దాకా ఏడుస్తూ పోయింది. కోడలు కూడా ఏడ్చింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని తనివితీరా ఏడ్చాక కారు కదిలింది. నన్ను రాతి గుండె మనిషి అంటారు మా ఇంట్లో. అననీ.

ఆ తర్వాత ఆ పిల్ల నా కొంగు పట్టుకుని వదల్లేదు. ఈ రాయి కథ దానికి అప్పుడే చెప్పాను. వింటూ వింటూ కళ్లు తుడుచుకుని లేచింది. బ్లేడు రేడియో చేసి మొదట నాకే వినిపిస్తానంది. నేను ఒక్కసారి కూడా చెవికి పెట్టుకోలేదని దానికి తెలిసింది కదా. ఇప్పటి బ్లేడ్లు తుప్పు పట్టవు, అందుకని స్టవ్ మంట మీద నీలం రంగు తేలేదాకా కాల్చింది. డాబా మీద తీగ కట్టింది, బోరు పైపుకు ఇంకో తీగ చుట్టింది. నిన్న సాయంత్రానికి అంతా సిద్ధమైంది. వంటింట్లో నన్ను కూర్చోబెట్టి, పెన్సిల్ ముల్లు బ్లేడు మీద ఆనించి, చెవి గొట్టం నా చెవికి పెట్టి, నా ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఆసుపత్రి నుంచి ఇంకా ఫోన్ రాలేదు. పిల్ల పొద్దుటి నుంచి సరిగ్గా తినలేదు. ఆ క్షణం దానికి ఒక మంచి మాట ఎంత అవసరమో నాకు తెలుసు.

“వినిపిస్తుందా నానమ్మా?”

అవును అంటే చాలు, ఆ ముఖం వెలిగిపోతుంది. నా నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీ దగ్గర రాయి కనిపించింది. చిన్నాయనకు కూడా ఆ రోజు ఇలాగే వచ్చి ఉంటుంది నాలుక మీదికి, ఇంతే ప్రేమగా.

“లేదు బిడ్డా. ఏం ఇనిపిస్తలేదు,” అన్నాను.

దాని ముఖం వాడింది. బోరు పైపు దగ్గర నేల ఎండిపోయిందేమో చూస్తానని చెంబుతో నీళ్లు తీసుకుని మెట్లు దిగింది. కింద నీళ్లు పోస్తున్న చప్పుడు వచ్చింది. ఇప్పుడు, నానమ్మా, అని అరిచింది. ఇంకా లేదని నేను అరిచాను. ఇంకో చెంబు పోసింది. నేను చెవి గొట్టం తీయకుండా అలాగే కూర్చున్నాను. ఉందంటే ఉందని, లేదంటే లేదని ఆ పిల్లకు నా మాట మీద నమ్మకం. అందుకే అది పోస్తూనే ఉంది.